కేకు ముక్కకి పదవి పోయిందనే మాట ఆపండి: లాక్‌డౌన్‌లో నాయకుల అబద్ధం, అక్కడ పట్టిన పద్ధతి, ఇక్కడ జారిపోయే పద్ధతి

బెంజిసర్కిల్_బాబు
పక్క థ్రెడ్‌లో ఒకాయన రాశాడు, బ్రిటన్‌లో ప్రధానిని పుట్టినరోజు కేకు ముక్కకే దించేశారు, అదీ ప్రజాస్వామ్యమంటే అని. దాని కిందే ఇంకొకాయన, 50 పౌండ్ల జరిమానాకి అంత గోలెందుకు అన్నాడు. రెండూ తప్పే. అయినవాళ్లు ఆసుపత్రిలో పోతుంటే చివరిచూపు కూడా దక్కనివాళ్లు ఆ దేశంలో ఎంతమందో. మన దగ్గరా అంతే. అంత్యక్రియలకి 20 మందికి మించొద్దని 2020 మార్చి 24 నాటి కేంద్ర హోంశాఖ ఉత్తర్వులోనే ఉంది. కృష్ణలంకలో జనం రెడ్‌జోన్ అంటే రెడ్‌జోన్ అన్నట్టే లోపల కూర్చున్నారు. రూలు రాసినవాడే తప్పి, పైగా సభలో నిలబడి అంతా రూలు ప్రకారమే జరిగిందంటే వచ్చే కోపం జరిమానా లెక్కతో కొలిచేది కాదు.

అక్కడ అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ సరిగ్గా ఏ మెట్టు దగ్గర దొరికాడు? మన దగ్గర ఆ మెట్లు ఉన్నాయా, లేవా? తెలిసినవాళ్లు తేదీలతో, సెక్షన్లతో చెప్పండి.

మోడరేటర్
ఇక్కడి పార్టీల పేర్లు, కాగితం లేని ఆరోపణలు పెడితే పోస్టు తీసేస్తాం. చట్టం, పద్ధతి మాట్లాడండి.

హౌన్స్‌లో_తెలుగోడు
చాలామంది తేదీలు కలగాపులగం చేస్తున్నారు. వరస ఇది.

2020 మార్చి 23న లాక్‌డౌన్ ప్రకటన, 26న ఇంగ్లండ్ నిబంధనలు అమల్లోకి. మే 20న ప్రధాని కార్యాలయం తోటలో మందు పార్టీ. ఆయన ముఖ్య ప్రైవేటు కార్యదర్శే సుమారు 200 మందికి ఈమెయిల్ పెట్టాడు, ఎవరి సీసా వాళ్లు తెచ్చుకోండని. అప్పటికి మామూలు మనిషి బయట కలుసుకోగలిగింది వేరే ఇంటివాళ్లలో ఒక్కరిని, అదీ రెండు మీటర్ల ఎడంలో. అదే రోజు సాయంత్రం ఒక మంత్రి టీవీలో ఆ రూలునే దేశానికి గుర్తుచేశాడు! జూన్ 19న కేబినెట్ గదిలో ప్రధాని పుట్టినరోజు. నవంబరు 13న ఒక వీడ్కోలు, ప్రధాని గ్లాసెత్తిన ఫొటో అక్కడిదే. 2021 ఏప్రిల్ 16 రాత్రి ఇంకో రెండు వీడ్కోళ్లు. మర్నాడు భర్త అంత్యక్రియల్లో రాణి నల్లమాస్కు పెట్టుకుని ఒంటరిగా కూర్చుంది. జనం గుండెల్లో దిగింది ఆ ఫొటో.

ఈ పార్టీల సంగతి పత్రికల్లోకి మొదట వచ్చింది 2021 నవంబరు 30న. డిసెంబరు 1న, మళ్లీ 8న సభలో ఆయన మార్గదర్శకాలూ రూల్సూ పాటించామనే చెప్పాడు. బాబు గారు అడిగిన మెట్టు అదే. పార్టీ దగ్గర కాదు, ఈ రెండు జవాబుల దగ్గర దొరికాడు.

పటమట_పద్మ
జరిమానా ఒక్క పుట్టినరోజుకే పడింది గదా? మే 20కి, నవంబరు ఫొటోకి ఎందుకు పడలేదు?

హౌన్స్‌లో_తెలుగోడు
పడలేదు. 2022 ఏప్రిల్ 12న ప్రధానికి, ఆయన భార్యకి, అప్పటి ఆర్థికమంత్రి సునాక్‌కి జూన్ 19 మీదే నోటీసులు వెళ్లాయి. అసలు జరిమానా 100 పౌండ్లు, 14 రోజుల్లో కడితే సగం. 50 అంకె అక్కడిది. మిగతా వాటికి ఆయనకి ఎందుకు వేయలేదో మెట్రోపాలిటన్ పోలీసులు ఒక్కో సంఘటనకీ వివరణ ఇవ్వలేదు, జనం కోపం పోలీసుల మీదికీ మళ్లింది అందుకే. మొత్తం మీద 83 మందికి 126 నోటీసులు. మే 19న దర్యాప్తు మూసేశారు.

బ్రాడీపేట_4వలైను
నేను ఒప్పుకోను. పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకే గదిలో పనిచేసినవాళ్లు అదే గదిలో కాసేపు కేకు దగ్గర నిలబడితే కొత్తగా వైరస్ ఎక్కడి నుంచి వస్తుంది? రూలు మాటకి తప్పే, సరే. దానికి ఒక ప్రధానిని వెళ్లగొట్టడం అతి కాదా?

పాతబస్టాండ్_గుమాస్తా
వైరస్ లెక్క వేరు, చట్టం లెక్క వేరు బ్రదర్. మన బందరు రోడ్డు మీద ఒక్కడే బండి మీద వెళ్తున్నవాడి వల్ల వైరస్ ఎవరికి వచ్చింది? అయినా బండి సీజ్ చేసి స్టేషన్ ముందు పెట్టారు. రూలు అందరికీ ఒకే కొలత అని చెప్పి జనాన్ని ఇళ్లలో కూర్చోబెట్టారు. ఆ కొలత పైవాడి గదిలోకి వెళ్లేసరికి మారకూడదు.

హౌన్స్‌లో_తెలుగోడు
4వలైను గారి వాదనే జాన్సన్ వాదన. నిబంధనల్లో మినహాయింపు మాట "పనికి సహేతుకంగా అవసరమైతే" అని. మీటింగు పనికి అవసరం, మందు సీసా కాదు. పుట్టినరోజు సంగతి రూల్స్‌లో ఎలా ఇమడ్చాలో తోచట్లేదని ఆయన సమాచార విభాగం అధిపతే వాట్సాప్‌లో రాశాడు, ఆ మెసేజి సభా కమిటీ బయటపెట్టింది. సొంత మనిషికే సర్దుకోనిది సభకి సర్దిచెప్పాడు. అదీ తప్పు.

ఇంకోటి. 2020 ఆగస్టు 28 నుంచి ఇంగ్లండ్‌లో 30 మందికి మించి పోగుచేసినవాడికి 10,000 పౌండ్ల జరిమానా. కుర్రాళ్ల ఇళ్లలో పార్టీలకి ఆ లెక్కన వేశారు. ఆ చట్టం రాసిన ఇంట్లో 50. జనం లెక్క చూసుకోరా?

మంగళగిరి_మగ్గం
పోలీసులు కూడా మొదట పాత సంగతులు తవ్వబోమనే అన్నారు, అది మర్చిపోవద్దు. అక్కడేదో ధర్మరాజ్యం ఉన్నట్టు రాయకండి. వీడియో బయటికి రాకపోతే ఏదీ కదిలేది కాదు.

హౌన్స్‌లో_తెలుగోడు
నిజం. 2021 డిసెంబరు 7న టీవీలో ప్రధాని కార్యాలయ ప్రతినిధి నవ్వుతూ పార్టీ గురించి జవాబు సాధన చేస్తున్న వీడియో వచ్చాకే కదిలింది. విచారణ అప్పజెప్పిన మొదటి అధికారి ఆఫీసులోనే ఒక పార్టీ జరిగిందని తేలి ఆయన పది రోజుల్లో తప్పుకున్నాడు. అప్పుడొచ్చింది సూ గ్రే అనే ఇంకో సీనియర్ అధికారి. ఆమె చూసినవి 16 కార్యక్రమాలు, వాటిలో 12 పోలీసుల దగ్గరికి వెళ్లాయి. పోలీసులు నోరు చూసి రాసుకోలేదు. 345 పత్రాలు, 510 ఫొటోలు, సీసీటీవీ చిత్రాలు, 204 ప్రశ్నాపత్రాల జవాబులు. పత్రాల్లో ఈమెయిళ్లు, డైరీలు, తలుపు దగ్గర కార్డు గీసిన లెక్కలు. ఎవరు ఎన్నింటికి లోపలికొచ్చారో, ఎన్నింటికి వెళ్లారో తలుపే చెప్పింది.

బెంజిసర్కిల్_బాబు
ఇది నాకు కావాల్సిన ముక్క. మన దగ్గర తలుపు లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

తెనాలి_ప్యాసింజర్
జిల్లా దాటితే టోల్ లెక్క ఉంటుంది. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లాలంటే కాజ టోల్ దాటాలి, ఫాస్టాగ్‌లో సెకన్లతో సహా పడుతుంది.

పాతబస్టాండ్_గుమాస్తా
అక్కడే బోల్తాపడతారు. 2020 మార్చి 25 అర్ధరాత్రి నుంచి ఏప్రిల్ 19 దాకా జాతీయ రహదారుల మీద టోల్ వసూలే ఆపేశారు. సరిగ్గా గట్టి లాక్‌డౌన్ రోజుల్లో మీకు ఫాస్టాగ్ లెక్క ఉండదు. ఏప్రిల్ 20 తర్వాతవైతే ఉంటుంది, కానీ అది పోలీసో కోర్టో అడిగితేనే ఇస్తారు, మనకివ్వరు. వారధి మీద చెక్‌పోస్టు రిజిస్టరు, అత్యవసర పాసు దరఖాస్తు, కార్యక్రమానికిచ్చిన అనుమతి లేఖ, బందోబస్తుకి కానిస్టేబుళ్లని వేసిన ఉత్తర్వు, ఇవీ మన తలుపు లెక్కలు. అన్నిటికంటే బందోబస్తు ఉత్తర్వు గట్టిది. పోలీసుకే ముందు తెలుసని దాంతో తేలిపోతుంది.

పటమట_పద్మ
వీడియో ఉంటే చాలదా? అప్పట్లో ఫోన్లలో చాలా తిరిగాయి.

పాతబస్టాండ్_గుమాస్తా
వాట్సాప్‌లో తిరిగిన వీడియో కోర్టు గుమ్మం దాటదు. పంపగానే ఫైలు కుదించుకుపోతుంది, తీసిన తేదీ, ఫోను వివరం ఊడిపోతాయి. కావాల్సింది తీసిన ఫోనులోని అసలు ఫైలు, తీసినవాడి సంతకంతో పాత సాక్ష్య చట్టం 65బి ధ్రువపత్రం. 2024 జులై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టంలో అది 63వ సెక్షన్, నిపుణుడి సంతకం కూడా కావాలి. ఆ ఫోను పాతదైపోయి అమ్మేసుకుంటే కథ ముగిసినట్టే.

ఇక సెక్షన్ల సంగతి, బాబు గారు అడిగారు గాబట్టి. లాక్‌డౌన్ కేసులు ఎక్కువగా మూడిటి కింద కట్టారు.

ఐపీసీ 188: అధికారి ఉత్తర్వు ఉల్లంఘన. మామూలుగా నెల జైలు లేదా 200 రూపాయలు. మనుషుల ప్రాణానికి ముప్పయితే 6 నెలలు లేదా 1,000. 1897 అంటువ్యాధుల చట్టం కింద ఉల్లంఘన కూడా దీని కిందికే వస్తుంది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 223, అందులో 6 నెలలు లేదా 2,500, ముప్పయితే ఏడాది లేదా 5,000.

విపత్తు నిర్వహణ చట్టం 2005లో 51: ఆదేశం పాటించకపోతే ఏడాది దాకా, దానివల్ల ప్రాణం పోయినా, పోయే ముప్పు వచ్చినా రెండేళ్ల దాకా.

ఐపీసీ 269: అజాగ్రత్తగా రోగం వ్యాపింపజేయడం, 6 నెలల దాకా.

నాయకుడి కేసు పగిలేది 188 దగ్గర. అప్పటి క్రిమినల్ ప్రక్రియ చట్టం సీఆర్‌పీసీలో 195 ప్రకారం 188 కేసుని కోర్టు తీసుకోవాలంటే ఉత్తర్వు ఇచ్చిన అధికారి, లేదా ఆయన పైఅధికారి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. మీరూ నేనూ ఇస్తే చెల్లదు. ఎస్సై ఎఫ్ఐఆర్ కట్టి చార్జిషీటు వేసినా, కలెక్టరు ఫిర్యాదు కాగితం లేకపోతే నిందితుడి వకీలు మొదటి వాయిదాలోనే ఆ లొసుగు చూపించి కొట్టేయించుకుంటాడు. రోడ్డు మీద దొరికిన కూలివాడికి ఈ లొసుగు చెప్పేవాడుండడు, జరిమానా కట్టేసి వెళ్తాడు. నాయకుడు కట్టడు. ఇద్దరి మీదా ఒకే సెక్షన్, ఫలితం వేరు. నాకు మండేది ఇక్కడ.

బ్రాడీపేట_4వలైను
అంటే కలెక్టరు రాయకపోతే దారే లేదా? ఇది మాత్రం అన్యాయం.

పాతబస్టాండ్_గుమాస్తా
ఒక సందు ఉంది. విపత్తు చట్టం 60వ సెక్షన్. ఏ పౌరుడైనా ఫలానా నేరం జరిగింది, ఫిర్యాదు చేయబోతున్నాను అని అధికారికి కనీసం 30 రోజుల ముందు నోటీసిస్తే, ఆ తర్వాత తనే కోర్టుకి వెళ్లొచ్చు. నోటీసు జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకి పంపాలి, దానికి అధ్యక్షుడు కలెక్టరే. తేదీ, స్థలం, ఏ ఆదేశంలో ఏ అంశం ఉల్లంఘించారు, మూడూ ఉండాలి. "లాక్‌డౌన్ ఉల్లంఘించారు" అని ఊరికే రాస్తే పనికిరాదు. మార్చి 24 ఉత్తర్వులో రాజకీయ, సామాజిక, మత సమావేశాలు నిషేధం అనే అంశం ఉంది, దాని నంబరు వేసి రాయాలి. అందినట్టు సంతకం కాగితం తిరిగొచ్చేలా పోస్టు చేయాలి. 30 రోజులు నిండకముందే కోర్టుకెళ్తే ఫిర్యాదు తిప్పి పంపిస్తారు.

అరండల్‌పేట_అర్జీ
2020 సంగతికి ఇప్పుడు గడువు ఉందంటారా గుమాస్తా గారూ? ఏడాది శిక్ష ఉన్న నేరానికి కాలపరిమితి ఏడాదే గదా.

పాతబస్టాండ్_గుమాస్తా
సీఆర్‌పీసీ 468, అవును. సుప్రీంకోర్టు కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని పరిమితి లెక్కలోంచి తీసేసింది. దాన్ని పట్టుకుంటే 2020 ఏప్రిల్ నాటి నేరానికి గడువు 2022 మార్చి 1న మొదలై 2023 ఫిబ్రవరి ఆఖరుకి ముగిసింది. ఆలస్యాన్ని మన్నించే 473 ఉంది, కానీ ఆలస్యానికి కారణం చూపించాలి, "అప్పుడు తెలీదు" అంటే నిలవదు. ప్రాణం పోయిందనో, పోయే ముప్పు వచ్చిందనో తేలితే రెండేళ్ల శిక్ష భాగం వర్తిస్తుంది, దానికి మూడేళ్లు, అదీ దాటింది. కాబట్టి పాత సంఘటన మీద కొత్త కేసు ఆశ పెట్టుకోకండి. అప్పుడే కట్టిన ఎఫ్ఐఆర్‌లు ఏమయ్యాయో అడగండి, అది ఇప్పటికీ మన చేతిలో ఉంది.

మంగళగిరి_మగ్గం
2020లో మన హైకోర్టులోనే లాక్‌డౌన్ ఉల్లంఘించారంటూ కొందరు ఎమ్మెల్యేల మీద పిల్ వేశారు. కోర్టు నోటీసులిచ్చింది. ఆ వార్త మొదటి పేజీలో చదివిన జనం ఆ తర్వాత ఏమైందని ఎందుకు అడగరు? బ్రిటన్ వాళ్లకి నోటీసుతో అయిపోదు, మనకే అయిపోతుంది.

అరండల్‌పేట_అర్జీ
అడగడం ఎలాగో రాస్తున్నా, దాచుకోండి. సమాచార హక్కు దరఖాస్తు పోలీసు కమిషనరేట్ పౌర సమాచార అధికారికి. గుంటూరు వైపు అయితే జిల్లా ఎస్పీ కార్యాలయం. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండలంలో 5, ఆపైన 10 రూపాయలు. పోస్టల్ ఆర్డరు చాలు.

తప్పు జరిగేది ప్రశ్నలో. "ఫలానా నాయకుడి మీద చర్య ఎందుకు తీసుకోలేదు" అని రాస్తే, ఎందుకు అనేది సమాచారం కాదని ఒక్క ముక్కలో మూసేస్తారు. ఉన్న కాగితం అడగాలి. ఇలా: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఫలానా స్టేషన్‌లో 188, 51 సెక్షన్ల కింద కట్టిన ఎఫ్ఐఆర్‌ల నంబర్లు, తేదీలు, ఒక్కోదాని ప్రస్తుత స్థితి, 195 కింద కోర్టుకిచ్చిన రాతపూర్వక ఫిర్యాదుల నకళ్లు, ఉపసంహరణకి ప్రభుత్వం నుంచి వచ్చిన ఉత్తర్వుల నకళ్లు. నాయకుడి పేరు రాయక్కర్లేదు. పేరు రాస్తే వ్యక్తిగత సమాచారమని తిప్పుతారు. జాబితా వచ్చాక పేరు మీరే చూసుకోవచ్చు.

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, లేదా సగం వస్తే, 30 రోజుల్లో మొదటి అప్పీలు అదే ఆఫీసులో పైఅధికారికి. ఆ తర్వాత 90 రోజుల్లో రెండో అప్పీలు రాష్ట్ర సమాచార కమిషన్‌కి. దర్యాప్తు నడుస్తోంది, 8(1)(హెచ్) ప్రకారం ఇవ్వం అంటారు తరచూ. నడుస్తోంది అంటే చాలదు, ఇస్తే దర్యాప్తుకి ఎలా అడ్డమో చెప్పాలి. అప్పీలులో ఈ ఒక్క వాక్యం పెట్టండి.

తెనాలి_ప్యాసింజర్
ఉపసంహరణ అన్నారు. ప్రభుత్వం మారగానే సొంతవాళ్ల కేసులు ఎత్తేసుకోవడం ఆపేదేమీ లేదా?

పాతబస్టాండ్_గుమాస్తా
ఉంది. 2021 ఆగస్టు 10న సుప్రీంకోర్టు చెప్పింది, ఎంపీ, ఎమ్మెల్యేల మీద కేసు హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించడానికి లేదని. సీఆర్‌పీసీ 321, కొత్త చట్టంలో 360. అర్జీ గారి దరఖాస్తులో ఒక వాక్యం కలపండి: "ఉపసంహరణకి హైకోర్టు ఇచ్చిన అనుమతి నకలు." అది లేకుండా ఎత్తేసుంటే అక్కడే దొరుకుతారు.

పటమట_పద్మ
జాన్సన్ దగ్గరికి మళ్లీ వస్తాను. పోలీసు జరిమానా కట్టాక కూడా ఆయన ప్రధానిగానే ఉన్నాడు. పదవి పోయింది 2022 జులైలో, అదీ తన పార్టీ డిప్యూటీ చీఫ్ విప్ మీద వచ్చిన ఆరోపణల వ్యవహారంలో. మరి అబద్ధానికి శిక్ష ఎక్కడ పడినట్టు?

హౌన్స్‌లో_తెలుగోడు
సరిగ్గా అడిగారు. జులై 7న పార్టీ నాయకత్వం వదిలింది ఇంకో వ్యవహారం మీదే, కానీ దాన్లోనూ ముందు తెలీదని చెప్పి తర్వాత తెలుసని తేలింది. లాక్‌డౌన్ అబద్ధానికి శిక్ష సభా హక్కుల కమిటీ దగ్గర. ఏడుగురు సభ్యులు, నలుగురు ఆయన పార్టీవాళ్లే, అధ్యక్షురాలు ప్రతిపక్షం. మొదట అధ్యక్షుడిగా ఉన్నాయన అంతకుముందే జాన్సన్ మీద వ్యాఖ్యలు చేశానని తప్పుకున్నాడు. 2023 మార్చి 22న మూడు గంటలకి పైగా ప్రశ్నించారు. జూన్ 9న నివేదిక ముందుగా చేతికందగానే ఎంపీ పదవికి రాజీనామా. 15న నివేదిక: తెలిసే సభని తప్పుదోవ పట్టించాడు, సభ్యుడిగా ఉండుంటే 90 రోజుల సస్పెన్షన్. 19న సభలో ఓటు 354కి 7.

90 రోజులకి ఎందుకు భయపడ్డాడో తెలియాలంటే 2015 రీకాల్ చట్టం చూడాలి. సభ జరిగే రోజుల లెక్కన 10 రోజులు, ఆపైన సస్పెండైతే నియోజకవర్గంలో పిటిషన్ తెరుస్తారు, ఆరు వారాల్లో ఓటర్లలో 10 శాతం సంతకం పెడితే సీటు ఖాళీ.

మంగళగిరి_మగ్గం
ఆయన ఖాళీ చేసిన సీటుకి జరిగిన ఉప ఎన్నికలో ఆయన పార్టీయే 495 ఓట్లతో గెలిచింది. కాబట్టి ఓటరే శిక్ష వేశాడనే మాట రాయకండి ఎవరూ. వేసింది సభ.

మన అసెంబ్లీకి 194వ అధికరణంలో అదే హక్కు ఉంది. సభని తెలిసి తప్పుదోవ పట్టిస్తే సభా ధిక్కారమే. 2005 డిసెంబరులో ప్రశ్నలకి డబ్బు తీసుకున్న 11 మంది ఎంపీలని వెళ్లగొట్టారు, 2007లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అధికారం ఉంది. లేనిది దారి. నోటీసు సభ్యుడే ఇవ్వాలి, స్పీకర్ ఒప్పుకోవాలి, కమిటీని వేసేదీ స్పీకరే. వెలగపూడిలో అధికార పక్షం మీద అధికార పక్షం స్పీకర్ ఒప్పుకున్నప్పుడు మాట్లాడదాం. రీకాల్ చట్టం ఎమ్మెల్యేకి లేనే లేదు.

బ్రాడీపేట_4వలైను
పైన నేనన్న "అతి" మాట వెనక్కి తీసుకుంటున్నా. కేకు కాదు, రెండు జవాబులు. అర్థమైంది. కానీ మన దగ్గర కేసు తేలినా అనర్హత పడుతుందా?

పాతబస్టాండ్_గుమాస్తా
పడదు దాదాపు. ప్రజాప్రాతినిధ్య చట్టం 8(3) ప్రకారం రెండేళ్లు, ఆపైన శిక్ష పడాలి. 188లో 6 నెలలే. 51లో ప్రాణం పోయిందనో, పోయే ముప్పు వచ్చిందనో రుజువై, పూర్తి రెండేళ్లూ వేస్తేనే. అయినా కేసు పెండింగులో ఉంటే ఎన్నికల అఫిడవిట్ ఫారం 26లో ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషన్, సెక్షన్లు, అభియోగాలు ఖరారయ్యాయా లేదా, అన్నీ రాయాలి. దాస్తే 125ఏ కింద 6 నెలలు. మన ప్రజాప్రతినిధుల కేసులకి విజయవాడలోనే ప్రత్యేక కోర్టు ఉంది, కేసు నంబరు దొరికితే వాయిదా తేదీలు ఈ-కోర్ట్స్ సైటులో కనిపిస్తాయి.

అరండల్‌పేట_అర్జీ
అదే జోడించండి. దరఖాస్తుకి వచ్చిన ఎఫ్ఐఆర్ జాబితా ఒక చేత్తో, ఎన్నికల సంఘం సైటులోని ఫారం 26 ఇంకో చేత్తో పట్టుకుని నంబర్లు పోల్చాలి. జాబితాలో ఉండి అఫిడవిట్‌లో లేని నంబరు దొరికితే ముందు కేసు కొట్టేశారేమో ఈ-కోర్ట్స్‌లో చూసుకోండి. చూడకుండా పోస్టు పెడితే పరువు నష్టం కేసు మీ మీద పడుతుంది.

బెంజిసర్కిల్_బాబు
కమిషనరేట్‌కి ఒకటి, గుంటూరు ఎస్పీకి ఒకటి, రెండు దరఖాస్తులు రాశాను. కాలం 2020 మార్చి 24 నుంచి మే 31 అని పెట్టా. సోమవారం పోస్టు చేస్తున్నా. గుమాస్తా గారూ, హైకోర్టు అనుమతి వాక్యం కలిపాను. స్టేషన్ పేర్లు అన్నీ రాయాలా, కమిషనరేట్ పరిధి అంటే సరిపోతుందా?

అరండల్‌పేట_అర్జీ
పరిధి అంటే సమాచారం పెద్దది, సిబ్బంది చాలరని 7(9) చూపిస్తారు. ఒక్కో దరఖాస్తుకి మూడు స్టేషన్లు చాలు. కృష్ణలంక, సూర్యారావుపేట, పటమటతో మొదలుపెట్టండి.